వెలి వేసే హక్కు ఎంతవరకు?

పౌర గ్రంథాలయానికి ఈ సాయంత్రం వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

మాది ఎంవీపీ కాలనీలో ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కొన్నేళ్ల కిందట మూడో అంతస్తులో ఒక కుటుంబం వినాయక చవితి చందా ఇవ్వలేదు. "మా నమ్మకం వేరండీ, లిఫ్ట్ రిపేరుకైతే ఇప్పుడే ఇస్తాం" అన్నారు. మర్నాడు నోటీసు బోర్డులో వాళ్ల పేరు మీద ఎర్ర స్కెచ్ పెన్ను గీత కనబడింది. అంతటితో ఆగలేదు. ఎండాకాలం బోరు అడుగంటి ట్యాంకర్లు తెప్పించుకుంటుంటే, డాబా మీద వాళ్ల ఫ్లాటుకెళ్లే వాల్వు కట్టేశారు. ఆ ఇంటావిడ పక్కవీధి కుళాయి నుంచి రెండు ప్లాస్టిక్ బిందెలు మోసుకొచ్చేది. లిఫ్ట్ ఎక్కితే ఎవరేమంటారోనని మెట్ల మీదే, అంతస్తుకోసారి బిందె దించి ఊపిరి తీసుకుంటూ. అప్పుడు కమిటీలో నేనూ ఉన్నాను. నోరు మెదపలేదు.

1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపిస్తే వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు ఆ గడప తొక్కడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోశారు. వెలి వేయాలంటే మనవాళ్ల చెయ్యి ముందుగా నీళ్ల మీదికే పోతుంది.

అలాగని ఏ సంఘమూ ఎవరినీ కాదనకూడదని నేను అనను. హేతువాద సంఘంలో జాతకాలు చెప్పేవాళ్లే ఎక్కువైతే ఇక ఆ సంఘం ఎందుకు? భజన మండలికైనా అంతే. నమ్మకం కోసమే పుట్టిన సంఘానికి, ఆ నమ్మకం లేనివాళ్లను వద్దనే స్వేచ్ఛ ఉండాలి. 1971లో హిందీ సాహిత్య సమ్మేళన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే దారిలో వెళ్లింది. సంఘం పెట్టుకునే హక్కులో, తాము ఒప్పుకున్న సభ్యులతోనే దాన్ని నడుపుకునే హక్కు కూడా ఉందంది.

ఇల్లు వేరు. అహ్మదాబాద్‌లో పార్శీలకే పరిమితమైన హౌసింగ్ సొసైటీ నిబంధనను 2005లో అదే కోర్టు సమర్థించింది. తీర్పు మీద గౌరవం ఉంది కానీ, నా మనసు ఒప్పుకోదు. భజన మండలి వద్దంటే ఇంకో మండలి చూసుకుంటాం. కొనుక్కున్న ఫ్లాటులో నీళ్లు ఆపేస్తే ఎక్కడికి పోతాం?

పోనీ, తీసేయాల్సే వచ్చిందనుకోండి. దానికీ ఒక పద్ధతుంది. ఫ్రీమేసన్లనే సోదర సంఘానికి చెందిన ఒక శాఖ (లాడ్జి) తన సభ్యుణ్ణి బహిష్కరించిన కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది: సంఘం నియమాల ప్రకారమే, దురుద్దేశం లేకుండా, ఆరోపణకు జవాబు చెప్పుకునే అవకాశమిచ్చి చేయాలని. మా దగ్గర నోటీసు లేదు, మీటింగు లేదు. స్కెచ్ పెన్ను ఉంది, అంతే.

ఆ కుటుంబం ఫ్లాటు అమ్ముకుని గాజువాక వెళ్లిపోయింది. లిఫ్ట్ రిపేరు వాటా కట్టే వెళ్లారు. ఈ ఆదివారం మా జనరల్ బాడీ. నీళ్లు, లిఫ్ట్, వాచ్‌మన్ ఖర్చు ఒక ఖాతా, పండగ చందా వేరే ఖాతా, అదీ ఇష్టమైనవాళ్లే ఇచ్చేలా తీర్మానం పెడుతున్నాను. అంతకంటే ముందు గాజువాక వెళ్లి వాళ్లను క్షమాపణ అడగాలి.