మార్చిన కిడ్నీకి పన్నెండు గంటల కాపలా

[దృశ్యం: హనుమకొండ బస్టాండు, తెల్లవారుజాము. ములుగు వైపు నుంచి వచ్చిన బస్సు దిగుతున్న ఒకాయన, చేతిలో మందుల సంచి.]

వ్యాఖ్యానం: కిడ్నీ మార్పిడి జరిగి ఏళ్లు గడిచినవారిని ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకా ఈ మాత్రలెందుకు?" ఒంట్లో బాగుండటానికి కారణమే ఆ మాత్రలు. తల్లి ఇచ్చినా, తమ్ముడు ఇచ్చినా, మన రక్తంలోని టీ కణాలు, అంటే పరాయివాటిపై దాడి చేసే తెల్ల రక్తకణాలు, ఆ కిడ్నీని పరాయిదిగానే చూస్తాయి. ఆ దాడిని అణచి ఉంచేవే ఈ మాత్రలు. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన మార్పిడి ఈ మందులు లేకుండానే నిలిచిందంటే, దాత, గ్రహీత ఇద్దరూ ఏకరూప కవలలు కావడమే కారణం.

[దృశ్యం: టీ కణం బొమ్మ.]

వ్యాఖ్యానం: ఇందుకు నేడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్ అనే మందును 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి కనుగొన్నారు. టీ కణాలు దాడికి సిద్ధమై సంఖ్య పెంచుకోవడానికి అవసరమైన కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. సాధారణంగా దీనికి మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ అనే మరో రెండు మందులు తోడవుతాయి.

చిక్కంతా మోతాదులోనే ఉంది. రక్తంలో ఈ మందు తగ్గితే శరీరం కిడ్నీని తిరస్కరించవచ్చు. పెరిగితే చేతులు వణకడం, షుగర్ రావడమే కాక, ఏ కిడ్నీని కాపాడాలో దానికే హాని కలగవచ్చు. అందుకే రోజుకు రెండుసార్లు వేసుకునేవారు పన్నెండు గంటల ఎడం పాటించాలి. రక్తంలో మందు స్థాయి చూసే పరీక్ష రోజున ఉదయపు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి కనుక, దూరం నుంచి వచ్చేవారు ఆ మాత్రను వెంట తెచ్చుకుని, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోవాలి.

[దృశ్యం: ఊళ్లో మందుల షాపు.]

వ్యాఖ్యానం: మరచిన మాత్ర కంటే, నా దృష్టిలో, అడగకుండా వేసుకున్న మాత్రే ఎక్కువ ప్రమాదకరం. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు వంటివి కాలేయంలో టాక్రోలిమస్ విచ్ఛిన్నం కాకుండా ఆపి దాని స్థాయిని పెంచేస్తాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ దాన్ని దించేస్తాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు నేరుగా కిడ్నీనే దెబ్బతీస్తాయి. పంపర పనస కూడా వద్దు. ఇక రోగనిరోధక శక్తిని పెంచుతామనే కషాయాల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడ అణచి ఉంచాలనుకుంటున్నదే ఆ శక్తిని.

మేడారం జాతరకు వెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. మార్పిడి తర్వాత తొలి నెలల్లో మందుల మోతాదు ఎక్కువ కాబట్టి అంత జనసమూహంలోకి వెళ్లకూడదు. ఆ తర్వాతైనా డాక్టరుగారిని అడిగే బయలుదేరాలి. తిరిగొచ్చాక కాస్త ఒళ్లు వెచ్చబడినా, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకునే ముందే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, వేసుకుంటున్న మాత్రల పేర్లన్నీ చదివి వినిపించాలి.