గోడమీద ఉన్నది బొమ్మేనా?

అందరికీ నమస్కారం. సినిమా వేసేముందు పది నిమిషాలు మాట్లాడమన్నారు, ఐదులో ముగిస్తాను.

ఇటాలియన్ హారర్ అనగానే వినపడే మాట: "చూడ్డానికి బాగుంటుందండీ, కథే ఉండదు." కొన్నిటి విషయంలో నిజమే. లూచియో ఫుల్చీ 1981లో తీసిన 'ది బియాండ్' కథ చెప్పమంటే నా వల్ల కాదు. అది కథలేని సినిమా అని ఆయనే ఒప్పుకున్నాడు. ఇక మనకెందుకు గొడవ!

కానీ 1957 నాటి 'ఇ వాంపీరి' చూడండి. కెమెరా మారియో బావా. హీరోయిన్ మొహం మన కళ్లముందే, ఒక్క కట్ కూడా లేకుండా ముసలిదైపోతుంది. చిట్కా చాలా చిన్నది. ముడతల్ని రంగు మేకప్‌తో గీశారు. అదే రంగు లైటు వేస్తే ఆ గీతలు కనపడవు, లైటు రంగు మార్చగానే తేలుతాయి. ఫిల్ము బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రంగు మారిన సంగతి మనకి తెలియదు. ఆవిడ నిజానికి ముసలిదన్న రహస్యం బయటపడేదే అక్కడ. దీన్ని స్టైల్ అందామా, కథ అందామా?

దారియో అర్జెంటో 'డీప్ రెడ్' (1975) ఇంకా గడుసుది. చూడనివాళ్లు కాసేపు చెవులు మూసుకోండి. పియానో వాయించే మార్క్ హత్య చూసి పైకి పరుగెత్తుతాడు. నడవలో గోడల నిండా బొమ్మలు. తర్వాత అందులో ఒకటి మాయమైందని అనుమానం. సినిమా అంతా దానికోసమే వెతుకులాట. తీరా చూస్తే అది బొమ్మే కాదు, అద్దం. అందులో ఉన్నది హంతకుడి మొహం. మోసమేమో అనుకుని నేను వెనక్కి తిప్పి ఆపి చూశాను. నిజంగానే ఉంది! మార్క్‌తోపాటు మనమూ చూశాం, పట్టించుకోలేదు.

ఈరోజు వేస్తున్న 'సస్పీరియా' (1977) కథ బలహీనమే, డైలాగులు మరీ చిన్నపిల్లల మాటల్లా ఉంటాయి. అర్జెంటో ముందు నిజంగానే చిన్నపిల్లలతో తీయాలనుకున్నాడు. అది కుదరక పెద్దమ్మాయిల్ని తీసుకున్నా, డైలాగులు పెద్దగా మార్చలేదు. తలుపుల హ్యాండిల్స్ మాత్రం బాగా పైకి పెట్టించాడు, వాళ్లు చెయ్యెత్తి తెరవాల్సి వచ్చేలా. ఎందుకో తెలియకుండానే మనకి వాళ్లు చిన్నపిల్లల్లా అనిపిస్తారు.

లైట్లు ఆర్పేయమంటాను. మొదట ఎయిర్‌పోర్టు సీను వస్తుంది. అద్దాల తలుపులు తెరుచుకున్నప్పుడే సంగీతం వినపడుతుంది, మూసుకుంటే ఆగిపోతుంది. కాస్త చెవి పెట్టండి.