ఓర్కాలకు పడవ ఎందుకు దూరంగా ఉండాలి?

ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అని కూడా పిలిచే పెద్ద డాల్ఫిన్లు) కనిపించగానే పర్యాటకుల పడవ దూరంగా ఆగిపోతే, “అవి మనల్ని ఏమైనా చేస్తాయని భయమా?” అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న నాకు విసుగు తెప్పిస్తుంది, ఎందుకంటే సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు నమోదైన సంఘటన ఒక్కటీ లేదు. ఆ దూరం మన ప్రాణాల కోసం కాదు, వాటి చెవుల కోసం.

చీకటి గదిలో మీ చేతిలోని నాణెం జారిపడిందనుకోండి. అది దొర్లిన చప్పుడును బట్టి మీరు వెతుకుతుండగా పక్కనే ఎవరో మిక్సీ వేస్తే, నాణెం అక్కడే ఉన్నా మీకు దొరకదు. అమెరికా, కెనడాల మధ్యనున్న సేలిష్ సముద్రంలో ‘సదరన్ రెసిడెంట్’ అనే గుంపు ఓర్కాల పరిస్థితి ఇదే. వాటి ప్రధాన ఆహారం చినూక్ సాల్మన్ చేప. మసక నీటిలో ఓర్కా టకటకమని ధ్వనులు వదిలి, చేప కడుపులోని గాలితిత్తికి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి దాని జాడ పడుతుంది. మన పడవ ఇంజనే ఆ మిక్సీ.

మిక్సీని దూరంగా జరపవచ్చు, వేగం తగ్గించవచ్చు. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం రెండూ కోరుతుంది. 2025 జనవరి నుంచి ఈ ఓర్కాలకు 1,000 గజాల దూరం పాటించాలి; ఒకవేళ దగ్గరైపోతే, అర నాటికల్ మైలు (దాదాపు అంతే దూరం) లోపల వేగం 7 నాట్లు (గంటకు సుమారు 13 కిలోమీటర్లు) దాటకూడదు. డెబ్బై పైచిలుకు మాత్రమే మిగిలిన జంతువుల విషయంలో ఇది అతి జాగ్రత్త అని నేననుకోను.

అదే సముద్రంలో, నీటిలో వేటాడి ఒడ్డున సేదతీరే సముద్ర క్షీరదాలైన సీల్‌లను తినే ‘బిగ్స్’ ఓర్కాలు కూడా ఉన్నాయి. వీపు రెక్కనూ, దాని వెనకనున్న బూడిదరంగు మచ్చనూ ఫోటోల్లో పోల్చి ఒక్కొక్క ఓర్కానూ గుర్తించే పద్ధతిని 1970లలో నెలకొల్పిన మైఖేల్ బిగ్ పేరే వాటికి పెట్టారు. ఇక్కడ నాణేనికే చెవులున్నాయి: సీల్ వినగలదు గనుక ఇవి దాదాపు నిశ్శబ్దంగా వేటాడతాయి. వాషింగ్టన్ వైపు వీటికి పాటించాల్సిన దూరం 200 గజాలు.

సమయం లేదు గనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. రాళ్లపై పడుకున్న సీల్‌లు తలలెత్తి చూస్తున్నాయంటే మీరు అప్పటికే దగ్గరికి వెళ్లిపోయినట్టు. ఏ జంతువు దారికీ అడ్డంగా పడవ నిలపకూడదు. నీటిలోకి హైడ్రోఫోన్ (నీటి అడుగు శబ్దాలను పట్టే మైకు) దించే పడవ దొరికితే, కెమెరా పక్కన పెట్టి హెడ్‌ఫోన్ అడగండి: ఓర్కా చేపను సమీపించేకొద్దీ ఆ టకటకలు వేగం పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, జుమ్మనే ఒకే శబ్దంగా మారతాయి.