పురుగు దొరికిన ఏడాది

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ ప్రోగ్రాంలో తప్పు దొర్లితే దాన్ని 'బగ్' అంటారు. బగ్ అంటే పురుగు. ఆ పేరెలా వచ్చిందని కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్ళని ఎవరినైనా అడగండి, కథ రెడీగా ఉంటుంది. 1945లో గ్రేస్ హాపర్ అనే ఆవిడ, మొరాయిస్తున్న ఒక పెద్ద యంత్రాన్ని విప్పి చూస్తే లోపల పురుగు కనిపించిందట. అప్పటినుంచీ ఆ పేరు స్థిరపడిపోయిందట. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఈ కథ నేనూ చెప్పేవాణ్ణి. పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు.

ఈ మధ్య మా పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులో అదే కథ మళ్ళీ పెట్టాను. మాలో ఒకడున్నాడు, ఏం చెప్పినా "రుజువేదిరా?" అంటాడు. పేరు చెప్పను, వింటున్నాడేమో. పది నిమిషాల్లో ఒక ఫొటో పంపి, "చదువు" అన్నాడు.

అది అమెరికా నౌకాదళం కోసం హార్వర్డ్ యూనివర్సిటీలో కట్టిన మార్క్-2 కంప్యూటర్ లాగ్‌బుక్కులో ఒక పేజీ. అంతా చేతిరాత. టైము 1545, అంటే మధ్యాహ్నం మూడుముప్పావు. ఎఫ్ ప్యానెల్, 70వ నంబరు రిలేలో పురుగు. ఆ రోజుల్లో చిప్పులెక్కడివి? వేలకొద్దీ రిలేలు, అంటే టకటకా పడి లేచే స్విచ్చులు. ఒక రెక్కల పురుగు పోయి పోయి వాటిలో ఒకదాని మధ్య ఇరుక్కుంది. దాన్ని తీసి పారెయ్యకుండా అదే పేజీలో టేపు వేసి అంటించారు. కింద ఒక వాక్యం: 'నిజంగా పురుగు దొరకడం ఇదే మొదటిసారి.'

ఆ 'నిజంగా' అన్న మాటలోనే జోకంతా ఉంది. యంత్రంలో లోపాన్ని పురుగు అనడం ఇంజినీర్లకి అప్పటికే అలవాటు. 1878లోనే థామస్ ఎడిసన్ ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. "బుర్రలో పురుగు తొలుస్తోంది" అని రోజూ అనే మనిషికి, డాక్టరు ఒకనాడు చెవిలోంచి నిజం పురుగే తీసి చేతిలో పెడితే ఎలా ఉంటుంది? అదీ సంగతి. మాట ముందునుంచీ ఉంది కాబట్టే వాళ్ళకి నవ్వొచ్చింది. ఏళ్ళు గడిచేసరికి ఆ నవ్వు ఆవిరైపోయి, మాట పుట్టిందే అక్కడ అన్న కథ మిగిలింది.

పోనీ మిగతావైనా సరిగ్గా ఉన్నాయా? పురుగుని పట్టుకున్నది హాపర్ గారు కాదు, అక్కడ పనిచేసేవాళ్ళు. ఆ మాట ఆవిడే ఒప్పుకున్నారు. కాకపోతే ఆ కథని సభల్లో మహా సరదాగా చెప్పేవారు, అందుకని ఆవిడ పేరు అతుక్కుపోయింది. ఇక ఏడాది. పేజీ మీద 9/9 అని ఉందంతే, సంవత్సరం వెయ్యలేదు. హాపర్ గారు కూడా 1945 అనే చెప్పారు. కానీ మార్క్-2 తయారైందే 1947లో. అక్కడ పనిచేసిన మనిషికే రెండేళ్ళు జారిపోతే నాబోటివాడి సంగతి చెప్పాలా? ఆ పేజీ, పురుగుతో సహా, ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

అంతలో ఇంకో మిత్రుడు, "640కే, అంటే 640 కిలోబైట్ల మెమరీ ఎవరికైనా చాలని బిల్ గేట్స్ అన్నాడు కదా" అని అందుకున్నాడు. తానలా అనలేదని గేట్స్ ఎప్పుడో ఖండించాడు. 1981 నాటి ఐబీఎం పీసీలో ప్రాసెసర్‌కి అందే మెమరీయే 1024కే. అందులో 384కే స్క్రీను వగైరాలకి పక్కన పెడితే మిగిలింది 640. ఇది లెక్క. కానీ గేట్స్ కంపెనీ వాళ్ళ పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ రోజుల్లో, ఒక్క గేమ్ నడవడానికి ఆ 640లో చోటు చెయ్యాలని కాన్ఫిగ్ ఫైల్లో ఒక్కో లైనూ తీసేస్తూ అర్ధరాత్రి దాకా కూర్చున్నవాళ్ళం మేం. తిట్టుకోవడానికి మాకొక మనిషి కావాలి. లెక్కని ఎలా తిట్టుకుంటాం?

చివరికి మా రుజువుల మిత్రుడు నా మీద పడ్డాడు. వాడూ అదే కోచింగ్ సెంటర్లో, నా పక్క గదిలోనే పాఠాలు చెప్పేవాడు. మధ్యలో ఉన్నది ప్లైవుడ్ గోడ. "పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళంటావు, ఆ గదిలోంచి నాకు ఏనాడూ నవ్వు వినపడలేదే!" అన్నాడు.

ఈసారి నేనడిగాను, "రుజువేదిరా?" అని.