బల్ల కింద సొరుగులు: ముందుగా పైన ఆరంగుళాలు వదలండి

నమస్తే అండీ. తిరుపతిలో మా మేడ మీద రేకుల షెడ్డు, అందులో ఈ పని బల్ల. కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం కొలతలు చెప్పేస్తాను. పొడవు ఐదడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు 34 అంగుళాలు. పైచెక్క మూడంగుళాల మందం, పాత ఇల్లు పడగొట్టిన చోట కొన్న టేకు దూలాలని సామిల్లులో కోయించి అతికించింది. కాళ్ళు వేప. ఇక కింద చూడండి... రెండు బకెట్లు, ఒక అట్టపెట్టె, మొండి రంపం బ్లేడ్లు, దేనికి దాచానో నాకే గుర్తులేని తుండు ముక్కలు. ఈ చోటంతా సొరుగులు చేసేద్దాం.

సొరుగు చేయడం పెద్ద విద్యేమీ కాదు. నాలుగు పలకలు, ఒక అడుగు, సొరుగు జారడానికి రెండు ఇనుప ఛానళ్ళు. తేడా వచ్చేది వాటిని దేనికి బిగిస్తున్నామన్న దగ్గరే. చాలామంది ఛానళ్ళు తెచ్చి నేరుగా బల్ల కాళ్ళకో, పైచెక్క అడుగుకో బిగించేస్తారు. చోటు కలిసొస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. తర్వాత ఒక పలకని బల్ల అంచుకి క్లాంపుతో పట్టించబోతే, క్లాంపు దవడ దూరడానికి కింద సందే ఉండదు. ముందు వైపు పలకని బిగించి పట్టే వైస్ ఉంటే దాని మర మొత్తం బల్ల కిందే తిరగాలి కదా, దానికీ చోటు లేదు. ఇక పైన రంధ్రాలు వేసి, పలక జారకుండా ఆపే గుబ్బలు దించుకునే బల్లయితే అడగొద్దు, రంపం పొట్టంతా ఆ రంధ్రాల్లోంచి నేరుగా ఉలుల మీదే పడుతుంది.

ఇంకో సంగతి. పైచెక్క ప్లైవుడ్డు కాదు, అచ్చమైన కొయ్య. మే నెలలో నలభై డిగ్రీల ఎండకి ఆరి కుదించుకుపోతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి పడే వానలకి ఉబ్బుతుంది. పొడవున దాదాపు ఏమీ మారదు, వెడల్పునే మారుతుంది. టేకు మిగతా కొయ్యల కంటే నయమే, కానీ కదలదని కాదు. ప్లైవుడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి. కదిలేదాన్నీ కదలనిదాన్నీ గట్టిగా బిగించేస్తే ఏదో ఒకటి పగలాలి, లేదా సొరుగు పట్టేయాలి.

అందుకే నా పద్ధతి ఇది. బల్ల బల్లే, పెట్టె పెట్టే. పైకప్పు, అడుగు, వీపు అన్నీ ఉన్న ఒక పూర్తి పెట్టె విడిగా చేసి, కాళ్ళ మధ్య ఉన్న ఈ కింది అడ్డకర్రల మీద కూర్చోబెడతాం. అడ్డకర్రల పైభాగం నేలకి 8 అంగుళాల ఎత్తులో ఉంది, పైచెక్క అడుగు 31 దగ్గర. మధ్యలో 23 అంగుళాలు దొరికాయి. ఆశపడి 23 కీ పెట్టె చేయకండి. 17 కి చేసి, పైన 6 వదిలేయండి. ఆ సందులో క్లాంపు తిరుగుతుంది, వైస్ తిరుగుతుంది, చిత్రికలు పక్కన పెట్టుకోవడానికి పెట్టె పైకప్పే అరలా పనికొస్తుంది. పొట్టు కూడా పైకప్పు మీదే ఆగిపోతుంది, చీపురు పెట్టి ఊడ్చేస్తే సరి.

కింద 8 అంగుళాలు ఎందుకు వదలాలంటారా? 2021 నవంబర్ వానలు చూసిన తిరుపతిలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు. మాది మేడ మీద కాబట్టి నీళ్ళ భయం లేదు, కానీ చెదలకి మేడలూ మిద్దెలూ ఒకటే. కాళ్ళ కింద నాలుగు కడప రాయి ముక్కలు పెట్టాను, వంటింటి పలక కోసినప్పుడు మిగిలినవి.

ఇప్పుడు చెక్క. పెట్టెకి 18 ఎం.ఎం. ప్లై, సొరుగుల పక్కలకి 12, అడుగులకీ పెట్టె వీపుకీ 6. షీటు ఎనిమిది బై నాలుగడుగులది. 18 ఒక షీటు, 12 అర షీటు, 6 ఒక షీటు సరిపోతాయి. అర షీటు ఇవ్వం అంటే పూర్తిదే తీసుకోండి, 12 ఎం.ఎం. ముక్క వృథా పోయే ఇల్లు నేను చూడలేదు. ఇంటి లోపలైతే ఐఎస్ 303 ప్రమాణం ముద్ర ఉన్న ఎం.ఆర్. గ్రేడు, అంటే తేమని తట్టుకునే రకం చాలు. నాలాగా రేకుల కింద, వాన జల్లు కొట్టే చోటైతే ఐఎస్ 710 తీసుకోండి. షాపువాళ్ళు మెరైన్ ప్లై అంటారు. డబ్బు కాస్త ఎక్కువే, కానీ పొరలు విడిపోయాక మళ్ళీ చేసుకోవడం కంటే తక్కువే.

ఎర్రచందనం వేయొచ్చు కదా అని మనూళ్ళో ఎవరో ఒకరు సరదాగా అంటారు. కొండ మనదే, చెట్టు మాత్రం మనది కాదు నాయనా. అనుమతి కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉంటే సొరుగులో కాదు, స్టేషన్లో కూర్చోవాల్సి వస్తుంది. అంత మంచి కొయ్యని మేకులు దాచుకునే పెట్టెకి వాడటం కూడా పాపమే. అది ఏర్పేడు దగ్గర మాధవమాల శిల్పుల చేతిలో పడితేనే దానికి అందం.

సరే, కొలతలకి రండి. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, పనంతా ఇందులోనే ఉంది.

రెండు కాళ్ళ మధ్య లోపలి చోటు 44 అంగుళాలు. పెట్టె 43 కి చేశాను, ఆ అంగుళం సందు ఉంటేనే లోపలికి జరుగుతుంది. 43 అంగుళాలంటే 1092 ఎం.ఎం. ఇక నుంచి ఎం.ఎం.లోనే మాట్లాడుకుందాం, అంగుళాల్లో అరలూ పావులూ లెక్కేస్తే తల తిరుగుతుంది. రెండు పక్క పలకలు, మధ్యలో ఒక అడ్డుపలక, మూడూ 18 మందం, మొత్తం 54. పోను 1038 మిగిలింది. సగం చేస్తే ఒక్కో అర 519.

సొరుగు పెట్టె వెడల్పు 519 ఉండకూడదు. టెలిస్కోపిక్ ఛానల్ ఒక్కోటి అర అంగుళం, అంటే పన్నెండున్నర ఎం.ఎం. పైచిలుకు చోటు తింటుంది. రెండు వైపులా కలిపి 26 తీసేయండి. 519 లోంచి 26 పోతే 493. ఒకటి తక్కువైనా పర్లేదు, ఛానల్ వెనక పలచటి అట్టముక్క పెట్టి సర్దుకోవచ్చు. ఎక్కువైతే మాత్రం పక్కలు చిత్రిక పట్టడమే గతి. సొరుగు ముందు, వెనక పలకలు పక్క పలకల మధ్యలో కూర్చుంటాయి కాబట్టి వాటి పొడవు 493 లోంచి రెండు 12లు తీసి 469.

ఈ లెక్కలు వేసే ముందు ఒక పని చేయండి. మీరు కొన్న షీటు అంచుని కాలిపర్‌తో కొలవండి. 18 అని అమ్మేది 17 పైచిలుకే ఉండొచ్చు. అప్పుడు 54 అన్న చోట మీ లెక్క వేరేగా వస్తుంది. నా అంకెలు కాపీ కొట్టకండి, పద్ధతి తీసుకోండి.

ఎత్తులు. పెట్టె 432, పైకప్పూ అడుగూ పోను లోపల 396. ఎడమ వైపు నాలుగు సొరుగులు, సందులతో కలిపి ఒక్కోదానికి 99 చోటు. కుడి వైపు మూడు, 90, 120, 186. అన్నీ సమానంగా ఎందుకు పెట్టలేదంటే, సామాను సమానంగా ఉండదు కాబట్టి. ఉలులు, మూలమట్టం, డ్రిల్ బిట్లు, పెన్సిళ్ళు, ఆకురాళ్ళు, వీటిలో ఏదీ మూడంగుళాల లోతు అడగదు. లోతైన సొరుగు చేస్తే ఏమవుతుందో తెలుసా? ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి, అడుగునున్నది కావాలంటే అన్నీ బయటికి తీయాలి. ఆ పనికి బకెట్టు చాలదా! లోతు కావాల్సింది చిత్రికలకి, డ్రిల్ మెషిన్‌కి. వాటికి ఆ 186 ఒక్కటి చాలు.

పెట్టె లోతు 20 అంగుళాలు, ఛానల్ 18 అంగుళాలది. సొరుగు ముఖపలక పెట్టె లోపలికే కూర్చుంటుంది, దానికి 18 ఎం.ఎం., వీపుకి 6 పోగా ఛానల్‌కి కావాల్సినంత ఉంది. ముఖాలు బల్ల కాళ్ళతో ఒకే మట్టంలో ఉండాలి, లేదా ఓ రవ్వంత లోపలికి. బయటికి మాత్రం రాకూడదు. పిడులు కూడా వద్దు. పొడవాటి పలకని వైస్‌లో పట్టించి అంచు చిత్రిక పట్టేటప్పుడు అది కాళ్ళకి ఆనుకుని నిలబడాలి, మధ్యలో పిడి ఉంటే పలక వంకర. అందుకే ముఖం పై అంచులో వేళ్ళు దూరేంత అర్ధచంద్రం కోశాను. ఇదిగో, ఈ కోసిన అంచుని ఉప్పుకాగితంతో బాగా గుండ్రంగా రుద్దాలి, లేకపోతే ప్లై పేడు గోటి కింద దిగుతుంది.

ఛానళ్ళ దగ్గరికి వద్దాం. దగ్గరగా చూపిస్తాను. ఛానల్ పూర్తిగా లాగితే ఈ నల్లటి ప్లాస్టిక్ నాలుక కనిపిస్తుంది. నొక్కి లాగితే రెండు ముక్కలవుతుంది. సన్నది సొరుగుకి, బంతులున్న వెడల్పుది పెట్టెకి. మరల కోసం రెండు రకాల రంధ్రాలున్నాయి చూశారా, పొడుగ్గా ఉన్నవి, గుండ్రంగా ఉన్నవి. ముందు పొడుగు వాటిలోనే మరలు బిగించండి. సొరుగు పెట్టి లాగి చూసి, పైకీ కిందకీ జరిపి సరిచేసుకున్నాక గుండ్రటి వాటిలో వేసి ఖాయం చేయండి. 12 ప్లైకి అర అంగుళం మరలే వాడాలి, 16 ఎం.ఎం.వి వేస్తే మొన సొరుగు లోపల తేలుతుంది. మర తల కూడా చదునుగా ఉండాలి. తల పైకి లేస్తే ఛానల్ ప్రతిసారీ దానికి తగులుతూ కిర్రుమంటుంది.

పెట్టెలో ఛానల్‌కి గీతలు గీయకండి. ఒక ప్లై తుండు కోసి పెట్టె అడుగు మీద నిలబెట్టండి, దాని నెత్తిన ఛానల్ ఆనించి మరలు వేయండి. అదే తుండు రెండో పక్కకీ. రెండూ ఒకే ఎత్తులో వచ్చి తీరతాయి. పై సొరుగుతో మొదలుపెట్టి, తర్వాతి దానికి ఆ తుండునే పొట్టిగా కోసుకుంటూ కిందకి రండి. టేపు, పెన్సిలు, టెన్షన్ ఏమీ అక్కర్లేదు.

ఇదంతా చూసి మా వీధి ఆచారి ఒకాయన నవ్వాడు. "ఇన్ని ఇనుప ఛానళ్ళు ఎందుకు నాయనా, కొయ్య మీద కొయ్య నడవదా?" అన్నాడు. నడుస్తుంది. సొరుగు పక్కలకి గాడి కోసి, పెట్టెకి టేకు పట్టీ కొట్టి, పట్టీకి గాడికీ మధ్య కాస్త సందు వదిలి, కొవ్వొత్తి రుద్దితే హాయిగా జారుతుంది. ఆయన చేసిన ఒక పాత బీరువా సొరుగు చూపించాడు, వేలు పెట్టి లాగితే వచ్చేస్తుంది. పొట్టు దూరి బంతులు పట్టేసే బాధ కూడా దానికి లేదు. అయినా నేను ఛానళ్ళే వేశాను. ఎందుకంటే కొయ్య పట్టీ మీద సొరుగు సగానికి మించి బయటికి లాగితే ముక్కు వంచుతుంది. ఛానల్ అయితే సొరుగు పూర్తిగా బయటికొస్తుంది, వెనక మూలనున్న ఉలి కూడా కనిపిస్తుంది. తేలికపాటి సామానున్న ఒకటి రెండు సొరుగులకి మాత్రం ఆయన పద్ధతే మేలని ఒప్పుకుంటాను, డబ్బు కూడా మిగులుతుంది.

మన వైపు ఆచారులు చాలామంది నేల మీద కూర్చునే పని చేస్తారు, సామాన్ల పెట్టె పక్కనే ఉంటుంది, చేయి చాపితే ఉలి. నిలబడి పని చేసే మనకి ఆ చేతికందే దూరం సొరుగులే ఇవ్వాలి. అందుకే రోజూ వాడేవి పై సొరుగులో, కుడిచేతి వాటమైతే కుడి వైపున. ఫెవికాల్ డబ్బా, విరిగిన బిట్లు అన్నీ ఎడమ అడుగుకి పోవాల్సిందే.

సొరుగు పెట్టెలు అతికించేటప్పుడు జిగురు ఆరకముందే మూల నుంచి మూలకి టేపు పెట్టి రెండు కొలతలూ చూడండి. రెండూ ఒకటే వస్తే సరి. తేడా ఉంటే పొడవు వచ్చిన మూలలకి క్లాంపు వేసి కొద్దిగా నొక్కండి. 6 ఎం.ఎం. అడుగుని గాడిలోకి తోస్తే అది కూడా మట్టాన్ని పట్టి ఉంచుతుంది.

ముఖపలకలు ఆఖరున. చుట్టూ రెండు ఎం.ఎం. చిల్లర సందు కావాలి. పాత ఏటీఎం కార్డులు మూడు కలిపి సందులో దోపితే సరిగ్గా అంతే వస్తుంది. రెండు వైపులా అంటుకునే టేపుతో ముఖాన్ని సొరుగుకి అతికించి, మెల్లగా లాగి, లోపలి నుంచి మరలు వేయండి.

పెట్టె బల్లలోకి జరిపాక కింద నుంచి అడ్డకర్రల్లోంచి రెండు మరలు పైకి వేశాను. బరువు సొరుగులు నాలుగైదు ఒకేసారి లాగితే పెట్టె ముందుకి ఒరగకుండా అంతే. సామాను నింపాక ఈ బల్లకి వచ్చిన బరువు చూడండి, 18 షీటు ఒక్కటే ముప్పై కిలోల పైన ఉంటుంది. ఇప్పుడు టేకు పలక మీద చిత్రిక గట్టిగా తోసినా బల్ల అంగుళం కూడా జరగడం లేదు. ముందైతే గోడకి ఆనించి పట్టేవాణ్ణి.

వాన నెలలు మొదలయ్యేలోపు ఉలులకీ చిత్రిక బ్లేడ్లకీ కుట్టు మిషన్ నూనె ఒక గుడ్డతో పలచగా రాసి పెట్టండి. మూసిన సొరుగులో తేమ చేరితే తుప్పు బయటకంటే తొందరగా పడుతుంది. వచ్చే వీడియోలో ఈ సొరుగుల లోపల ఉలులకి గాళ్ళు ఎలా కోయాలో చూపిస్తాను.