హషిమోటో రక్తంలో టీరెగ్ కణాలకి గేటు వేయడం

నమస్తే అండి, అమలాపురం నుంచి. బయట వాన దంచేస్తోంది, ఆ చప్పుడు మైకులో పడితే ఏమనుకోకండి, కరెంటు ఉండగానే రికార్డు చేసేయాలి.

స్క్రీన్ చూడండి. హషిమోటో థైరాయిడైటిస్, అంటే ఒంట్లోని రోగనిరోధక కణాలే థైరాయిడ్ గ్రంథి మీద పడే జబ్బు, అది ఉన్న పేషెంట్ రక్తం. ఫ్లో సైటోమీటర్‌లో, అంటే కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే మెషిన్‌లో, రన్ చేసిన ఫైలు. 1912లో హషిమోటో గారు గాయిటర్లని, అంటే ఉబ్బిన థైరాయిడ్ గ్రంథుల్ని, మైక్రోస్కోప్ కింద పెట్టి, గ్రంథి నిండా లింఫోసైట్లే, అంటే ఒక రకం తెల్లరక్త కణాలే, ఉన్నాయని రాశారు. మనకి ఇవిగో, చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో కణం.

లింఫోసైట్లు, గీశా. డబ్లెట్లు, అంటే అతుక్కుపోయిన జంట కణాలు, తీసేశా. చచ్చిన కణాలు తీసేశా. సీడీలంటే కణం మీదుండే గుర్తు ప్రోటీన్లు, ఒక్కోదానికి ఒక్కో మెరిసే రంగు అంటిస్తాం. సీడీ3 ఉన్నవి టీ కణాలు, అందులో సీడీ4 ఉన్నవి. అయిపోయింది. గేటంటే ఏముందండి, కావాల్సిన చుక్కల చుట్టూ గీత గీయడం, మడికి గట్టు వేయడమే. తప్పు గీస్తే కంట్రోల్ జెడ్. అన్నట్టు నాకు డాట్ ప్లాట్ కన్నా కాంటూర్ ప్లాటే ఇష్టం, గుంపు ఎక్కడ తెగిందో ఇట్టే కనిపిస్తుంది.

ఇక్కడ ఆగండి, ఇక్కడే నేను బోల్తా పడ్డా. టీరెగ్‌లంటే మిగతా టీ కణాలని అదుపులో పెట్టేవి, వాటి మీద సీడీ25 ఎక్కువ. నేనేం చేశా, సీడీ25 ఒక్కటే చూసి గేటు వేసేసి, పేషెంట్లలో టీరెగ్‌లు పెరిగాయని సార్ దగ్గరికి పరిగెత్తా. ఆయన తాపీగా, "యాక్టివేట్ అయిన మామూలు టీ కణం మీద సీడీ25 రాదా నాన్నా?" అన్నారు. వస్తుంది! పైగా ఈ జబ్బులో రెచ్చిపోయి ఉండేవే అవి. అంటే దొంగల్ని కూడా పోలీసుల లెక్కలో వేసేశా.

అందుకే అడ్డ గీత మీద సీడీ25 ఉంచి, ఈ నిలువు గీత మీద సీడీ127 పెట్టా. అసలైన టీరెగ్‌లో అది తక్కువ. సీడీ25 ఎక్కువ, సీడీ127 తక్కువ, అంటే కుడివైపు కింద మూల, ఇదిగో, ఇక్కడ. ఎక్కడ కోయాలో కళ్లతో ఊహించకండి, సీడీ25 రంగు ఒక్కటి వదిలేసి మిగతావన్నీ వేసిన ఎఫ్ఎంఓ ట్యూబ్ పక్కన పెట్టుకుని దాన్ని బట్టి గీయండి. టీరెగ్‌లకి ఇంకో గుర్తు ప్రోటీన్ ఫాక్స్‌పీ3 చూడొచ్చు కదా అంటారు, చూడొచ్చు, కానీ అది కణం లోపల ఉంటుంది, కణాలకి చిల్లులు పెట్టాలి, ఆ తర్వాత వాటిని బతికుండగా వాడుకోలేం. టీరెగ్‌లు పని చేస్తున్నాయా లేదా అని పరీక్షించాలంటే బతికున్నవే కావాలి. అది ముఖ్యం, ఎందుకంటే లెక్క సరిపోయినా అణిచే శక్తి తగ్గి ఉండొచ్చు.

టీహెచ్17కి, అంటే వాపు రేపే ఇంకో రకం టీ కణాలకి, ఈ ట్యూబ్ పనికిరాదు, కణాలని ముందు ప్రేరేపించి, అవి తయారుచేసే ఐఎల్17 అనే ప్రోటీన్‌కి లోపల రంగు వేయాలి, అది వేరే వీడియో. ఇంకోటి, ఇది రక్తం, గ్రంథి కాదు. కాలువలో నీళ్లు చూసి చేలో ముంపెంతుందో చెప్పలేం కదండి.

సేవ్ చేసేటప్పుడు పర్సెంటేజీ ఒక్కటే రాయకండి, దేంట్లో పర్సెంటేజీయో కూడా రాయండి, సీడీ4లోనా, మొత్తం లింఫోసైట్లలోనా. నేను రాయక మళ్లీ మొదట్నుంచీ గీశా.