‘బొరిస్ గొదునోవ్’: చివరి దృశ్యం ఎవరిది?

సమన్వయకర్త: రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ రాసిన ఈ ఒపేరాలో జార్ బొరిస్ పసి రాకుమారుణ్ని చంపించినవాడు. చరిత్రకారులూ అదే అంటారా?

చరిత్రకారుడు: అనరండీ. 1591లో ఉగ్లిచ్ పట్టణంలో ఆ రాకుమారుడు ద్మీత్రి మెడకు కత్తి గాయమై చనిపోయాడు. మూర్ఛ వచ్చినప్పుడు తన కత్తే గుచ్చుకుందని బొయార్ (పెద్ద ప్రభువు) వాసీలి షూయిస్కీ విచారణలో తేల్చారు. షూయిస్కీ తర్వాత మాట మార్చాడు, అది వేరే సంగతి. నేరం బొరిస్‌దేనని చరిత్రకారుడు కరంజిన్ తన చరిత్రలో రాశాడు. పుష్కిన్ నాటకానికి అదే ఆధారం, ఒపేరాకు పుష్కిన్ ఆధారం.

సమన్వయకర్త: అయితే ఇందులో చరిత్ర ఎక్కడుంది?

సంగీత విశ్లేషకురాలు: కోరస్‌లో, అంటే జనం పాడే బృందగానంలో! మొదటి దృశ్యంలో అధికారి కర్ర ఝళిపించి, బొరిస్‌ను రాజ్యమేలమని వేడుకోండంటాడు. ‘మిత్యూఖా, ఎందుకు అరుస్తున్నాం?’ అని జనంలో ఒకరు అడిగితే, ‘నాకేం తెలుసు’ అంటాడు వాడు. ఆ వెంటనే పట్టాభిషేకం గంటలు. ఎ-ఫ్లాట్, డి స్వరాల మీద కట్టిన రెండు సెవెంత్ కార్డులే, అంటే నాలుగేసి స్వరాలు ఒక్కసారిగా మోగే గుచ్ఛాలే, అటూ ఇటూ ఊగుతాయి. ఆ రెండు ఆధార స్వరాల మధ్య దూరం మన షడ్జమం నుంచి ప్రతి మధ్యమానికి ఉన్నంత. రెండు కార్డుల్లోనూ రెండు స్వరాలు ఉమ్మడి కాబట్టి మోత తెగదు, అలాగని ఎక్కడా కుదురుకోదు. కిరీటం పెట్టకముందే రాజ్యం అస్థిరమని వినిపిస్తుంది.

సమన్వయకర్త: ప్రతులు ఎన్నో ఉన్నాయి కదా, ముగింపు ఏది?

సంగీత విశ్లేషకురాలు: 1869 ప్రతిలో ఏడు దృశ్యాలు, బొరిస్ మరణంతో ముగింపు. ప్రధాన స్త్రీ పాత్ర లేదని థియేటర్ తిరగ్గొట్టింది. 1872లో ముస్సోర్గ్‌స్కీ మరీనా అనే పోలెండ్ యువతితో పోలెండ్ అంకం చేర్చాడు, సెయింట్ బేసిల్ చర్చి దృశ్యం తీసేశాడు, బొరిస్ మరణం తర్వాత చివర క్రోమీ ఊరి దగ్గర జనం తిరుగుబాటు పెట్టాడు. పుష్కిన్ అచ్చువేసిన నాటకం జనం మౌనంతో ఆగుతుంది. ఇక్కడ ఆ జనమే బొయార్‌ను పట్టి ఆటపట్టించి, తానే చనిపోని ద్మీత్రినని చెప్పుకునే నకిలీ ద్మీత్రి వెంట నడుస్తారు. వేదిక మీద మిగిలేది యురోదివి, అంటే మన అవధూత లాంటి వెర్రి సాధువు, రష్యా కోసం ఏడుస్తూ.

చరిత్రకారుడు: మరో స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ తన 1896 ప్రతిలో బొరిస్ మరణం, క్రోమీ దృశ్యాలను తారుమారు చేశాడు. జార్ చావు చివరికొచ్చింది. బొరిస్‌గా పాడే బాస్ (మంద్ర గొంతు) గాయకుడికి పండగే, కానీ కథ మళ్లీ రాజుదైపోయింది.

సమన్వయకర్త: రెండు ప్రతుల దృశ్యాలూ కలిపి ఆడితే?

సంగీత విశ్లేషకురాలు: అక్కడే తేడా కొడుతుంది. యురోదివి కొపెక్ నాణేన్ని పిల్లలు లాక్కోవడం, అతని ఏడుపు పాట చర్చి దృశ్యంలోవి. 1872లో వాటిని క్రోమీకి మార్చాడు. రెండూ ఆడితే దొంగతనం రెండుసార్లు జరుగుతుంది. చర్చి దగ్గర దొంగతనాన్ని కోస్తే, ‘రాకుమారుణ్ని చంపించినట్టే వీళ్లనూ చంపించు’ అని అక్కడ యురోదివి జార్‌ను అడగడానికి కారణమే ఉండదు. కాబట్టి కోయాల్సింది క్రోమీలోని దొంగతనాన్ని. ఏడుపు పాటను మాత్రం అక్కడ ముట్టుకోకూడదు.